లింబాద్రి తలకు నూనె

నా ఉద్యోగంలో నాకు ఒకే ఒక్క శత్రువు ఉంది. కొబ్బరి నూనె.

నిజామాబాద్‌లో మనసు జబ్బులు చూసే ఒక ప్రైవేటు దవాఖానలో ఇరవై రెండేళ్ళుగా ఈఈజీ తీస్తున్నాను. చిన్న చిన్న బిళ్ళలున్న టోపీ తలకు తొడిగి, ఒక్కో బిళ్ళ కింద జెల్ పెట్టి, మెదడులో పుట్టే కరెంటును కంప్యూటరు మీద గీతలుగా తేవడం నా పని. నూనె తల మీద బిళ్ళ సరిగా అంటదు. గీత వచ్చినా అది మెదడుదో నూనెదో తెలియదు. అందుకే ఫోన్‌లో ప్రతివాళ్ళకూ చెబుతాను, తలస్నానం చేసి రండి, నూనె ముట్టుకోకండి అని. "సరే మేడం" అంటారు. మర్నాడు తల నిగనిగలాడించుకుంటూ దిగుతారు. వాళ్ళను మాత్రం ఏమనగలను? పట్నం దవాఖానకు ఎండుతలతో ఎవరు బయల్దేరుతారు? మా ఊరు ముప్కాల్‌లో అమ్మ నన్ను అలా గడప దాటనిచ్చేది కాదు.

కాబట్టి లింబాద్రి మొదటిసారి నూనెతో వచ్చినప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

లింబాద్రికి నలభై ఆరేళ్ళు. కోటగిరి దగ్గర ఒక కాలువ ఊరు. తండ్రి కాలువ మీద లష్కర్, అంటే తూములు తెరిచి మూసే మనిషి. తండ్రి పోయాక ఆ పని లింబాద్రికి వచ్చింది. పాతికేళ్ళు దాటాక స్కిజోఫ్రెనియా వచ్చింది. చెవిలో మాటలు, ఎవరో వెంట పడుతున్నారన్న భయం. మందులు వేసుకుంటే మనిషి బాగుండేవాడు, పని చేసుకునేవాడు. పెళ్ళయింది, ఒక పాప పుట్టింది. పదకొండేళ్ళ కింద మందులు మానేసి మళ్ళీ పడ్డాడు. అప్పటి నుంచి మా దవాఖానకు నెలనెలా వస్తున్నాడు, వాళ్ళమ్మ రేణుకమ్మను వెంటబెట్టుకుని. కాదు, ఆమే అతన్ని వెంటబెట్టుకుని.

రేణుకమ్మను నేను నెత్తిన పెట్టుకున్నాను, ఆ సంగతి ముందే ఒప్పుకుంటాను. డెబ్బై ఏళ్ళ మనిషి, మోకాళ్ళు వంగవు. బోధన్‌లో బస్సు మారి, టిఫిన్ డబ్బాలో కొడుక్కి ఇష్టమైన జొన్నరొట్టె కట్టుకుని, మందుల పేర్లు చదవలేకపోయినా గోళీల రంగుతో గుర్తుపట్టి, ఒక్క నెల తప్పకుండా వచ్చేది. మా హాల్లో కొడుకును కూర్చోబెట్టి టీకి పోయి సాయంత్రానికి గాని తేలని తండ్రులుంటారు. పెళ్ళాం పేరు రాయించి మాయమయ్యే మొగుళ్ళుంటారు. "అగో, గా అవ్వను సూడుండ్రి, సిగ్గు తెచ్చుకోండ్రి" అని వాళ్ళను తిట్టేదాన్ని. ఊరికే భగ్గుమంటానని నన్ను దవాఖానలో సూరేకారం అంటారు. అంటే అననీ.

పోయిన ఏడాది మా డాక్టర్ భానుప్రసాద్ ఈ జబ్బున్నవాళ్ళ జ్ఞాపకం మీద ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. ముందు బల్ల మీద వస్తువులు పెడతాం. టార్చి, గొళ్ళెం, గంట, దువ్వెన, అలాంటివి నలభై. సగం వస్తువులతో వచ్చినవాళ్ళ చేత పని చేయిస్తాం. మిగతా సగంతో నేను చేస్తుంటే వాళ్ళు చూస్తారు. కాసేపాగి తలకు టోపీ పెట్టి, తెర మీద ఒక్కొక్క బొమ్మ చూపిస్తాం, మధ్యలో కొత్త వస్తువులు కలిపి. మూడు మీటలుంటాయి. ఇది కొత్తది. ఇది నేను చేసింది. ఇది ఆమె చేసింది.

ఎరిగిన వస్తువు మళ్ళీ కనిపించినప్పుడు మెదడు రెండు విడతలుగా పలుకుతుందట. సెకనులో మూడో వంతు గడిచేసరికి నుదుటి వైపు ఒక అల లేస్తుంది, దీన్ని నేనెరుగుదును అని. అర సెకను దాటాక నడినెత్తికి కొంచెం వెనక ఇంకోటి లేస్తుంది, ఎక్కడ చూశాను, ఎవరి చేతిలో చూశాను అని. ఈ జబ్బులో చాలామందికి మొదటిది కొంత మేలుగానే ఉంటుందనీ, రెండోదే బాగా చిక్కిపోతుందనీ డాక్టర్ చెప్పాడు. ఒక్క బొమ్మకు వచ్చిన గీత చూసి ఏమీ చెప్పలేం. ఎన్నో బొమ్మలవి, ఎంతోమంది మనుషులవి కలిపి సగటు తీస్తేనే ఆ అలలు కనిపిస్తాయి. ఇది నాకు బాగా తెలుసు. తెలిసే ఆ రోజు నోరు జారాను.

మొదటి రోజు లింబాద్రిని నల్లా దగ్గరికి పంపి తల రుద్దుకోమన్నాను. ఆలోగా రేణుకమ్మ టోపీని తిప్పి తిప్పి చూస్తూ, "గిది ఏం జేస్తది బిడ్డా?" అంది.

నేను నవ్వులాటకు అన్నాను. "నీ కొడుకు తలకాయల ఏమేం దాసిండో అంత టీవీల కనవడ్డట్టు కనవడ్తదవ్వా. దొంగతనాలు గిట్ట ఉంటె ఇప్పుడే చెప్పు."

ఆమె నవ్వలేదు. "పాతయి సుత కనవడ్తయా?"

"పుట్టినకాడి నుంచి."

ఆమె టోపీని బల్ల మీద మెల్లగా పెట్టేసింది. ఆ రోజు లింబాద్రి తల ఆరేసరికి పొద్దుపోయింది, వారం తర్వాత రమ్మన్నాం.

వారం తర్వాత వచ్చినప్పుడు నూనె చెంపల మీదికి కారుతోంది. నాకు ఒళ్ళు మండింది. "ఏందవ్వా గిది, నెత్తికి వెట్టమన్ననా, కడగమన్ననా?" అంటే, "నూనె లేకపోతె వాని తల కాగుతది బిడ్డా, నిద్ర వట్టదు" అంది. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున కొడుకును ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె అంటుతుందట. తిట్టినందుకు సిగ్గుపడి, ఆమెకు నేనే టీ తెప్పించాను.

రెండు షాంపూ పొట్లాలతో కడిగించి పరీక్ష పెట్టాను. బిళ్ళల్లో సగం సరిగా అంటలేదు, గీతలు సగం పాడయ్యాయి. మీటలు మాత్రం సరిగానే నమోదయ్యాయి. కొత్త వస్తువులు వస్తే లింబాద్రి కొత్తవని ఠక్కున నొక్కాడు. చూసినవి చూసినవే అన్నాడు. ఎవరు చేశారన్న దగ్గరే తప్పాడు, పదకొండు చోట్ల. ఇరవై రెండేళ్ళలో నేను చూడనిది అక్కడ చూశాను. పదకొండు తప్పులూ ఒకే వైపు. నేను కొట్టిన గంట తను కొట్టానన్నాడు. నేను వేసిన గొళ్ళెం తను వేశానన్నాడు. తను చేసిన ఒక్క పనిని కూడా నా మీద వేయలేదు.

జెల్ తుడుస్తూ అడిగాను. "తమ్మీ, యాదికి రానప్పుడు ఏ మీట ఒత్తినవ్?"

"నేనే చేసిన అని ఒత్తిన అక్కా."

"ఎందుకట్ల?"

"ఎరుక లేనప్పుడు నా మీదనే ఏస్కోవాలె గద. తూము తీరుగ."

అప్పుడు చెప్పాడు. పదకొండేళ్ళ కింద, వానాకాలం వరి కోతలప్పుడు, పట్టపగలు వాళ్ళ ఊరి కాలువ తూము ఎవరో తిప్పి వదిలేశారు. నీళ్ళు కింది పొలాల మీదుగా పోయి చిన్నయ్య అనే రైతు కల్లం మీద పడ్డాయి. ఆరబోసిన వడ్లన్నీ కొట్టుకుపోయాయి. కల్లం దగ్గర కట్టేసిన దూడ కూడా పోయింది. ఆ రోజుల్లో లింబాద్రి మందులు మానేసి కాలువ గట్టు మీద తిరుగుతున్నాడు. తిప్పింది అతనే అని తేలింది. లష్కర్ పని పోయింది, అది తమ్ముడు వేణుకు వచ్చింది. ఈ రోజు తూము తిప్పినోడు రేపు పిల్లను కాలువలో వేయడని నమ్మకమేమిటని భార్య జ్యోతిరాణి రెండేళ్ళ కూతురును ఎత్తుకుని వర్నిలోని తల్లిగారింటికి వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు. ఆ ఏడు నుంచి ప్రతి కోతలకూ లింబాద్రి చిన్నయ్య కల్లానికి పోతాడు. వడ్లు ఆరబోస్తాడు, తిరగేస్తాడు, కుప్పేస్తాడు. కూలి తీసుకోడు. చేసిన తప్పు కడుక్కోవాలి కదా అన్నాడు.

"నీకు యాదికి ఉన్నదా తిప్పింది?" అన్నాను.

"చక్రం తిరిగింది యాదికున్నది. కిర్రుమన్నది. తిప్పెటోని వీపు కనవడ్తున్నది, అంగీ భుజం కాడ చినిగింది." ఆగి, చిన్నగా అడిగాడు. "అక్కా, తిప్పింది నేనైతె నా వీపు నాకెట్ల కనవడ్డది?"

ఆ ప్రశ్నతోనే అతన్ని డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాచకుండా చెప్పాడు. "అందరి జ్ఞాపకాల్లోనూ ఒక్కోసారి మనం మనకే బయటినుంచి కనిపిస్తాం లింబాద్రీ. దాన్ని పట్టుకుని నువ్వు తిప్పావనీ చెప్పలేం, తిప్పలేదనీ చెప్పలేం."

"మరి గీ మిషన్ చెప్తదా సార్?"

"చెప్పదు. ఈ మిషన్‌తో అది కాదు."

రేణుకమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కొడుకు అడిగిన ప్రశ్న విన్నది. డాక్టర్ జవాబు కూడా విన్నది, కాని నమ్మలేదు. నేను టోపీ గురించి చెప్పిన అబద్ధాన్నే నమ్మింది.

గీతలు పాడయ్యాయి కాబట్టి మూడోసారి పిలిచాం. ఈసారి ఫోన్‌లో లింబాద్రితోనే మాట్లాడి, "రాత్రే కడుక్కో, పొద్దున ఎవ్వల చేతా నూనె పెట్టించుకోకు" అని మరీ మరీ చెప్పాను. పది గంటలకు లోపలికి వచ్చారు. వాసన ముందు వచ్చింది. ఆముదం. చిక్కటి ఆముదం, కుదుళ్ళ దాకా పట్టించి ఉంది. కొబ్బరి నూనైతే షాంపూకు పోతుంది. ఆముదం ఒక పట్టాన వదలదు, ఆ సంగతి ఊళ్ళో పుట్టిన ఏ ఆడదానికైనా తెలుసు.

"నేను వద్దన్నక్కా," అన్నాడు లింబాద్రి తల వంచుకుని. "బస్టాండుల కూసోవెట్టి పెట్టింది."

మూడు పొట్లాలు చేతిలో పెట్టి అతన్ని వెనక నల్లాకు పంపి, రేణుకమ్మ మీద పడ్డాను. అన్నేళ్ళు నెత్తిన పెట్టుకున్న మనిషని కూడా చూడలేదు. నా పని పాడు చేయాలనే చేస్తున్నావా, ఒక మనిషికి చెబితే అర్థం కాదా, బస్టాండులో ఆముదమేమిటి అని గట్టిగా అరిచాను.

ఆమె కింద కూలబడింది. "ఎంతన్న తిట్టు బిడ్డా. గని గా టోపీ మాత్రం పెట్టకు."

"ఎందుకు పెట్టొద్దు?"

"చిన్నోడు కనవడ్తడు."

నాకు మొదట అర్థం కాలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పుకుపోయింది. "చెరుకుకు నీళ్ళు వెట్టుకుంటనని వేణుగాడు తూము తిప్పిండు. తిప్పి, దోస్తులు పిలిస్తె బోధన్ పోయిండు. మరిసిపోయిండు. పొద్దుగూకె వరకు ఊరోళ్ళు కట్టెలు వట్టుకొని ఒచ్చిండ్రు. చిన్నోని పేరు చెప్తె బతకనిస్తరా? పెద్దోడు ఎట్లాగు సోయి లేనోడు. వాన్నెవలు కొడ్తరు, వాని మీద కేసెవలు వెడ్తరు? నేనే చెప్పిన, నువ్వే తిప్పినవ్ కొడుకా అని. కాదన్నడు. బువ్వ వెట్టుకుంట చెప్పిన, తలకు నూనె వెట్టుకుంట చెప్పిన. నాలుగు రోజులు కాదన్నడు. ఐదో రోజు వాడే అన్నడు, అవునే అవ్వా, నేనే తిప్పిన అని."

ఆమే మళ్ళీ అంది, "మీ డాక్టరు మిషన్ల పెట్టి సూస్తె చిన్నోని నౌకరి పోతది బిడ్డా. వానికి ఇద్దరు పిల్లలు."

నేను ఏదో అనబోయి తలెత్తాను. గుమ్మంలో లింబాద్రి ఉన్నాడు. ఆముదం వదలక, ఇంకో షాంపూ పొట్లం అడగడానికి వచ్చాడు. తల మీద తెల్లటి నురుగు, మెడ మీదుగా చొక్కాలోకి నీళ్ళు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో తెలియదు, ఎంత విన్నాడో అతని మొహం చూస్తే తెలిసింది.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"అవ్వా," అన్నాడు. "జ్యోతి బిడ్డను సంకనేసుకొని పోతుంటె నువ్వు గడపల్నే ఉంటివి గద."

ఆమె గోడ పట్టుకుని లేవబోయింది.

"నా బిడ్డ నన్ను సూసి ఏడ్శింది. అప్పుడన్న ఒక్క మాట చెప్పకపోతివా?"

"చిన్నోడు..." అని మొదలుపెట్టింది ఆమె.

"నేను నీకు ఏమైత?" అన్నాడు.

నాకు ఆ ముసలామెను రెక్క పట్టి బయటికి గెంటాలన్నంత కోపం వచ్చింది. హాల్లో ఎంతమందిని ఈమెను చూపించి తిట్టాను! పొద్దున పొద్దున ఆ తలను ఒళ్ళోకి తీసుకుని, ఆ వేళ్ళతోనే, లేనిది లోపలికి కుక్కింది. నూనె పట్టవలసిన తలకు నూనె పట్టడం ప్రేమ కాదని ఇప్పటికీ అనలేను. ఆమెకు ప్రేమ ఉంది. ఇద్దరికీ సరిపోయేంత లేదు.

ఇంకో మాట కూడా రాయాలి. నేను ఆ రోజు టోపీ గురించి వేళాకోళం చేయకపోతే ఆమె భయపడేది కాదు, ఆముదం తెచ్చేది కాదు, ఇది బయటపడేది కాదు. నన్ను మెచ్చుకోవలసిందేమీ లేదు. నిజాన్ని మిషన్ పట్టలేదు, నేనూ పట్టలేదు. మిషన్‌కు భయపడి అదే బయటికి వచ్చింది.

డాక్టర్ వచ్చాడు, సంగతి చెప్పాను. ఈ రోజు పరీక్ష వద్దు, ఇంటికి పో, కావాలంటే రెండు రోజులు ఇక్కడే ఉండు అన్నాడు. లింబాద్రి విన్నాడు. "చేస్త సార్," అన్నాడు. నా వైపు తిరిగి, "అక్కా, ఇంకో షాంపు ఇయ్యి" అన్నాడు.

నాలుగుసార్లు కడుక్కున్నాడు. కొత్త వస్తువులతో మళ్ళీ మొదటి నుంచి చేశాం. ఆ రోజు గీతలు నిలిచాయి. పాఠకులు ఇక్కడ ఒక అద్భుతం ఆశిస్తే నేనేం చేయలేను. జబ్బు జబ్బుగానే ఉంది, తప్పులు మళ్ళీ తొమ్మిది వచ్చాయి. కాకపోతే నేను చేసినవి ఐదు తన మీద వేసుకున్నాడు, తను చేసినవి నాలుగు నా మీద వేశాడు. ఆ కాగితం డాక్టర్‌కు చూపించాను. "ఒక్క మనిషి, ఒక్క రోజు. దీన్ని బట్టి ఏమీ రాయలేం సుమలతా," అన్నాడు. రాయలేమని నాకూ తెలుసు. అందుకే ఆయన రాసే దాంట్లో కాకుండా ఇక్కడ రాస్తున్నాను.

పరీక్ష అయ్యాక రేణుకమ్మ కొంగుతో కొడుకు తల మీది జెల్ తుడవబోయింది. అతను నా చేతిలోంచి తువ్వాలు తీసుకున్నాడు.

తర్వాత రెండు నెలలు అతను మందుల కోసం రాలేదు. నాకు భయమేసింది. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మూడో నెల, కోతలైపోయాక, ఒక్కడే వచ్చాడు. మందులు తప్పలేదట, బోధన్‌లోనే చీటీ చూపించి కొనుక్కున్నాడట. బక్కచిక్కాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి, జ్యోతిరాణికి తెలిసిందా అని అడిగాను.

"వర్నికి పోయి చెప్పిన. నమ్మింది. గని బిడ్డకు పదమూడేండ్లు వచ్చినయి అక్కా, నన్ను ఎరుకవట్టలేదు."

చిన్నయ్య సంగతి అడిగాను. వడ్లు తిరగేసే చెక్క ఈసారి పట్టావా అని.

"పట్టిన. సగం తిరగేసినంక చెప్పిన. కాకా, నేను గాదు తిప్పింది, వేణు తిప్పిండు అని. ఆయన బీడీ ముట్టించుకొని, 'గది ఊరంత ఎరుకే గదరా' అన్నడు. మరి నాకెందుకు చెప్పకపోతివి కాకా అన్న. 'నువ్వు మంచిగ పంజేస్తుంటివి' అన్నడు."

టీ చల్లారిపోయింది. అతను తాగలేదు.

"చెక్క అక్కడ్నే పెట్టి ఒచ్చిన," అన్నాడు.

అతని జుట్టు ఎండిపోయి, దుమ్ము పట్టి నిక్కబొడుచుకుని ఉంది. ఆ వేళ పరీక్ష ఏమీ లేదు. తలకు నూనె పెట్టుకోవద్దని చెప్పినవాళ్ళెవరూ లేరు.

"అవ్వ మంచిగున్నదా?" అన్నాను.

"ఉన్నది. బువ్వ వండుతది, తింట." తల మీద చెయ్యి పెట్టి తడుముకున్నాడు. "పొద్దున్నె నూనె సీస పట్టుకొని నా వెనుక నిలవడ్తది అక్కా. నేను లేశి పోత."